ఒకే రాయి, మూడు వేల ముక్కలు

దుర్గి ఊరి శిల్పులు ఒకే రాతిలో చెక్కిన నంది ఫొటో ఒకటి నా దగ్గరుంది. అడ్డం 4000, నిలువు 3000 పిక్సెళ్లు. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున 3 కోట్ల 60 లక్షల బైట్లు. దాన్ని సీ ప్రోగ్రాంలోకి తేబోయి, ముందు ఫంక్షన్‌లోనే అర్రే పెట్టి చేతులు కాల్చుకున్నాను. లినక్స్‌లో అలాంటి అర్రే కూర్చునే స్టాక్‌కు మామూలుగా దక్కేది 8 ఎంబీ. ప్రోగ్రాం కిమ్మనకుండా కూలింది. ఇక అడిగినంత మెమరీ విడిగా తెచ్చిచ్చే మాలాకే దిక్కు.

బొమ్మంతా ఒకేసారి చదవాలంటే, పీఎన్‌జీ ఫైళ్లు చదివే లైబ్రరీ లిబ్‌పీఎన్‌జీ వరసకో పాయింటర్ అడుగుతుంది. దానికి చాలామంది చేసేది 3000 వరసలకు 3000 మాలాక్‌లు, ఆ చిరునామాలు దాచుకోను మరొకటి. బొమ్మ[వై][ఎక్స్] అని రాసుకోవచ్చు, కంటికి హాయి. 2001వ మాలాక్ నల్ ఇచ్చిందో, అంతకుముందటి రెండు వేల ముక్కల్నీ ఏరి ఫ్రీ చేయాలి. ఆ సర్దుడు నేనూ రాయలేదు లెండి.

షాన్ బారెట్ రాసిన ఎస్‌టీబీ ఇమేజ్ అనే లైబ్రరీ మాత్రం బొమ్మంతా మెమరీలో ఒకే దిమ్మగా చేతికిస్తుంది. పిక్సెల్ కావాలంటే (వై × వెడల్పు + ఎక్స్) × 3 అని మనమే లెక్క కట్టుకోవాలి, అందమేమీ లేదు. కానీ ఫైలులోకి రాయడానికి ఒక్క ఎఫ్‌రైట్, వదిలించుకోవడానికి ఒక్క ఫ్రీ. వేగంలో మాత్రం దీన్ని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు: వరస లోపల రెండూ ఒకటే. నిలువుగా నడిస్తే దిమ్మలోనూ కింది పిక్సెల్ 12,000 బైట్ల దూరం, క్యాష్ చిన్నబోతుంది.

దిమ్మకు అసలు గండం గుణకారంలో ఉంది. 40,000 × 40,000 × 3 అంటే 480 కోట్లు. 32 బిట్ల ఇంట్‌లో అది పొంగి, సాధారణంగా 50 కోట్ల చిల్లర మిగులుతుంది. మాలాక్ సంతోషంగా అంతే ఇస్తుంది, మనం 480 కోట్లు రాయబోతాం. గుణించకముందే సైజ్‌_టీలోకి మార్చుకోవాలి. వరసల పద్ధతిలో ఒక్కో గుణకారం చిన్నది, ఈ బాధ లేదు. పైగా లిబ్‌పీఎన్‌జీతో, ఇంటర్‌లేస్ లేని బొమ్మయితే, ఒక్కో వరసే చదివి, నంది ఫొటోకైతే మన వైపు 12,000 బైట్ల బఫర్‌తోనే పని కానివ్వొచ్చు. మెమరీ కరువున్న చోట నా ఓటు దానికే.

నంది ఫొటోకు మాత్రం ఒకే దిమ్మ తీసుకున్నాను. మరో మాలాక్‌తో 3000 పాయింటర్లు తీసుకుని, ఒక్కోదాన్ని దిమ్మలో దాని వరస మొదటికి చూపించి లిబ్‌పీఎన్‌జీకి ఇచ్చాను. దానికి కావలసింది పాయింటర్లే, అవి ఎక్కడివని అడగదు. నంది మెడలో గంటను కూడా విడిగా చేసి అతికించలేదు, ఆ రాతిలోంచే తీశారు.