ముందుగదిలో దారాల కొట్టు

మా వీధిలో ఒకావిడ తన ముందుగదిలోనే కొట్టు పెట్టారు. గోడకు క్రాస్ స్టిచ్‌లో కుట్టిన చిలకలు, గులాబీలు. బల్ల మీద గాజు సీసాల నిండా రంగు దారాల లచ్చులు. పెళ్లికి ముందు మ్యాటీ క్లాత్ మీద దిండు గలీబులు కుట్టిన చెయ్యే ఆవిడది.

గళ్లు లెక్కపెట్టి కుట్టే క్రాస్ స్టిచ్‌లో గుడ్డ మీద బొమ్మ గీసుకోవడం ఉండదు, అంతా లెక్కే. అంగుళానికి 14 గళ్లుండే ఐడా గుడ్డను నాలుగు మడతలు వేసి నడిమధ్య పట్టుకోవాలి. ఆరు పోగుల దారంలోంచి రెండే తీయాలి. పైగీతలన్నీ ఒకేవైపు వాలాలి. ఒక్క గడి తప్పితే చిలక ముక్కు పక్కకు పోతుంది. అయిదంగుళాలకు ఏడంగుళాల బొమ్మ నిండా కుడితే 6,860 ఇంటూ గుర్తులు! దాన్ని పట్టుకుని "రెండొందలకిస్తారా?" అని ఎవరైనా అడిగితే నాకే ప్రాణం చివుక్కుమంటుంది.

ఆవిడ మాత్రం బొమ్మను తిప్పి వెనకవైపు చూపిస్తారు. అక్కడ ముడి ఒక్కటీ కనపడదు.

ఇప్పుడు కుట్టిన బొమ్మలకంటే కత్తిరించిన గుడ్డ, మొన మొండిగా ఉండే సూది, దారాలు, గళ్ల కాగితం కలిపి కట్టిన సంచీలే ఎక్కువ పోతున్నాయట. బడి వదిలాక ఇద్దరు పిల్లలు అరుగు మీద చేరి గళ్లు లెక్కపెడుతుంటారు.

"పిన్నిగారూ, ఇక్కడ ఎరుపా, నారింజా?"