గోడ మీది గుర్రాలు: కౌబాయ్ చిత్రాలు, సేకరణకర్తల దృష్టి

చిత్రాల సేకరణ అంటే నచ్చిన వస్తువులను కూడబెట్టుకోవడమేనని సాధారణంగా అనుకుంటాం. కాని ఏ చిత్రం గోడ మీదికి రావాలో నిర్ణయించే ప్రతి సేకరణకర్తా ఒక విధంగా విమర్శకుడే. అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్‌లను, గుర్రాలను చూపే పాత తైలవర్ణ చిత్రాలను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

ముందుగా కాలక్రమాన్ని గమనించాలి. పశువుల మందలను టెక్సస్ నుంచి వందల మైళ్లు తోలుకెళ్లే పని 1865లో అంతర్యుద్ధం ముగిశాక ఊపందుకుంది. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంటు పొందాడు. కంచెలు, రైలుమార్గాలు, 1886-87 నాటి దారుణమైన చలికాలం కలిసి ఆ బహిరంగ మేతభూముల జీవితాన్ని దెబ్బతీశాయి. ఫ్రెడరిక్ రెమింగ్టన్ (1861-1909) తన ప్రసిద్ధ చిత్రాలు వేసేనాటికి ఆ జీవితం ముగింపుకు వచ్చింది.

ఆయన చిత్రాలు రెండింటిని పోల్చి చూద్దాం. మొదటిది 1889 నాటి 'ఎ డాష్ ఫర్ ద టింబర్'. అపాచీ యోధులు తరుముతుండగా కౌబాయ్‌లు గుర్రాలపై నేరుగా మన మీదికే దూసుకొస్తుంటారు. పూర్వపు చిత్రకారులు దౌడుతీసే గుర్రం కాళ్లను ముందుకూ వెనక్కూ బారచాపి గీసేవారు. 1878లో మైబ్రిడ్జ్ తీసిన ఫోటోలు ఆ భంగిమ తప్పని తేల్చాయి. నాలుగు గిట్టలూ నేలను విడిచే క్షణంలో కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుంటాయి. రెమింగ్టన్ గుర్రాల్లో ఈ కొత్త జ్ఞానం కనిపిస్తుంది. అయితే ఈ చిత్రాన్ని కోరి వేయించుకున్నది ఎడ్మండ్ కన్వర్స్ అనే న్యూయార్క్ పారిశ్రామికవేత్త. గుర్రం కాళ్లు శాస్త్రానికి సరిపోయాయి కాబట్టి కథ కూడా చరిత్రకు సరిపోయిందని అనుకోకూడదు.

రెండోది 1895 నాటి 'ద ఫాల్ ఆఫ్ ద కౌబాయ్'. మంచు కప్పిన నేల, వెలవెలబోయిన రంగులు. ఒక కౌబాయ్ గుర్రం దిగి కంచె గేటు దగ్గర నిలబడ్డాడు. రెండోవాడు గుర్రం మీదే ఉన్నాడు. పరుగు లేదు, తుపాకి మోత లేదు. కౌబాయ్‌ని ఓడించింది అపాచీ కాదు, ముళ్లతీగ. పెద్ద కాన్వాసు, వేగం, దుమ్ము ఏవీ లేకుండానే ఈ చిత్రం మొదటిదానికంటే ఎక్కువ నిజం చెబుతుంది.

ఈ రెండూ నేడు టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఏమన్ కార్టర్ మ్యూజియంలో ఉన్నాయి. కార్టర్ పత్రికాధిపతి. అదే ఊరిలో మరో సేకరణకు మూలపురుషుడైన సిడ్ రిచర్డ్‌సన్ చమురు వ్యాపారి. మేతభూముల కాలాన్ని వెనక్కి నెట్టిన కొత్త సంపదే ఆ కాలపు బొమ్మలను కొనుక్కుంది. ఈ వ్యంగ్యాన్ని విద్యార్థులు గుర్తించాలి. పోగొట్టుకున్నదాన్ని చట్రంలో బిగించి చూసుకోవాలనే కోరిక ఈ సేకరణల వెనుక కనిపిస్తుంది.

ఇక, గోడ మీదికి అంతగా రానివారెవరు? కౌబాయ్‌లలో నల్లజాతివారు సుమారు నాలుగో వంతు ఉండేవారని చరిత్రకారుల అంచనా. మెక్సికన్ల దగ్గరే ఈ వృత్తి చాలావరకు పుట్టింది. లాసో, రోడియో అనే మాటలు స్పానిష్ నుంచి వచ్చినవే. ప్రసిద్ధ చిత్రాల్లో మాత్రం కథానాయకుడు ఎక్కువగా తెల్లవాడే. ఆదివాసులు 'డాష్' చిత్రంలో దుమ్ములో తరిమే శత్రువులు మాత్రమే. మోంటానాలో స్వయంగా పశువులు కాసిన చార్లెస్ రస్సెల్ (1864-1926) ఆదివాసుల జీవితాన్ని దగ్గరగా చూసి, వారిని కథకు కేంద్రంగా నిలిపిన చిత్రాలు వేశాడు. వాటిని పక్కన పెట్టి చూసినప్పుడే రెమింగ్టన్ చిత్రాల్లోని లోటు తెలుస్తుంది.

1991లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికన్ కళా మ్యూజియం ఇటువంటి ప్రశ్నలతోనే ఒక ప్రదర్శన పెట్టగా తీవ్రమైన దుమారం రేగింది. వందేళ్ల నాటి బొమ్మల గురించి అంత కోపం రావడమే వాటిని జనం చరిత్రగా నమ్ముతున్నారనడానికి నిదర్శనం.

అలాగని ఈ చిత్రాలను గోడ మీదినుంచి దించేయాలని కాదు. రెమింగ్టన్ కుంచె బలాన్ని మెచ్చుకుంటూనే, అది ఎవరి కోరికను తీర్చిందో అడగవచ్చు. ఆ ప్రశ్నకు మొదటి జవాబు ఆయన రెండో చిత్రంలోనే ఉంది.

అభ్యాసం: మీ ఇంట్లోనో, ఊళ్లోని కార్యాలయంలోనో గోడకు వేలాడే ఒక చారిత్రక చిత్రాన్ని ఎంచుకోండి. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు, దాన్ని అక్కడ ఎవరు పెట్టారు అనే అంశాలపై పది వాక్యాలు రాయండి.