యుద్ధ వార్తలో మరణం: క్రియ, అంకె, పేరు

ఈ భాగం చదివాక, యుద్ధ మరణాలను పత్రికలు రాసే తీరులో పక్షపాతం ఎక్కడుందో మీరు గుర్తించగలగాలి. ఇందుకు కావలసిన సామగ్రి ఖరీదైనది కాదు. అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో పేపర్లు అమ్మే చోట ఒకే రోజు నాలుగు తెలుగు దినపత్రికలు కొనండి. వేరే ఊళ్లో ఉంటే మీ గ్రంథాలయం చాలు.

పక్షపాతం అనగానే మనం అబద్ధం కోసం వెతుకుతాం. కానీ వార్తలోని ప్రతి వాక్యమూ నిజమై ఉండి కూడా, మొత్తం వార్త ఒకవైపు ఒరిగి ఉండవచ్చు. ఆ ఒరుగు మూడు చోట్ల కనిపిస్తుంది.

1. క్రియ

మన సైనికుడు "వీరమరణం పొందారు". అవతలి సైనికుడు "హతమయ్యాడు". ఇద్దరి మధ్య చిక్కిన పౌరుడు "బలయ్యాడు". తెలుగులో మర్యాద క్రియ చివరనే ఉంటుంది. ఇంగ్లీషు క్రియలో అది ఉండదు. అందువల్ల ఇంగ్లీషులో వచ్చిన ఏజెన్సీ వార్తను తెలుగు చేసే ఉపసంపాదకుడు "మరణించారు" అనాలో "మరణించాడు" అనాలో తానే తేల్చుకోవాలి. బహువచనంలో ఈ తేడా మాయమవుతుంది. కనుక దాన్ని ఏకవచనంలో వెతకండి. "దాడిలో పదిమంది మృతి" వంటి శీర్షికనూ గమనించండి. అందులో చనిపోయినవారున్నారు, చంపినవాడు లేడు.

పదం తప్పితే ఏమవుతుందో 2025 మే నెలలో చూశాం. పాకిస్తాన్ ఫిరంగి కాల్పుల్లో పూంఛ్‌లో ఒక మదరసా ఉపాధ్యాయుడు మరణించారు. కొన్ని టీవీ చానళ్లు ఆయనను హతమైన ఉగ్రవాదిగా చూపాయి. అది అబద్ధమని పూంఛ్ పోలీసులే ప్రకటించవలసి వచ్చింది. శత్రువు కాల్పులకు ప్రాణం పోగొట్టుకున్న మనిషి, స్వదేశపు వార్తల్లో శత్రువయ్యాడు.

2. అంకె

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు మరణించారు. వారిలో బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు నాయకత్వం వహించిన సూర్యాపేటవాసి కర్నల్ సంతోష్‌బాబు ఒకరు. తెలుగు పత్రికలు ఆయన జీవితాన్ని, ఆయన కుటుంబాన్ని వివరంగా రాశాయి. ఇందులో తప్పు లేదు. దగ్గరివాడి మరణం దగ్గరి వార్త. తెలంగాణ ప్రభుత్వం మిగిలిన 19 కుటుంబాలకూ రూ.10 లక్షల చొప్పున సాయం ప్రకటించింది. ఆ 19 మందిలో ఒక్కరి పేరైనా మీకు గుర్తుందా? అంకెగా మిగలడమంటే అదే.

ఇక చైనా వైపు చూడండి. ఆ వైపు 43 'క్యాజువాలిటీలు' అని ఏఎన్ఐ వార్తాసంస్థ పేరు చెప్పని వర్గాలను ఉటంకించింది. ఆ మాటలో చనిపోయినవారితోపాటు గాయపడినవారూ ఉంటారు. దాన్ని "43 మంది మృతి" అని తెలుగు చేస్తే గాయపడినవారు కూడా చనిపోతారు. తమ సైనికులు నలుగురు మరణించారని చైనా 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఈ రెండు అంకెలనూ స్వతంత్రంగా సరిచూసుకునే వీలు పత్రికకు లేదు. కనుక ప్రతి అంకె పక్కన "ఎవరు చెప్పారు" అన్నది ఉండాలి.

3. పేరు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు "పోలీసు చర్య". పత్రికలు దాన్నే అందుకున్నాయి, మనమూ నేటికీ అదే అంటున్నాం. యుద్ధమంటే మృతుల లెక్క అడుగుతాం. పోలీసు చర్య అంటే అడగాలనే తోచదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, ఆ చర్య సమయంలోనూ ఆ తరువాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. అంతకుముందు రజాకార్లు చేసిన హత్యలూ నిజమే. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్యకు గురైన సంగతీ నిజమే. ఒక నిజాన్ని మరో నిజానికి మూతగా వాడకూడదు.

ఒక అభ్యంతరం

"యుద్ధంలో పత్రిక తన దేశం పక్షాన నిలవకూడదా? శత్రువుకూ మన జవానుకూ ఒకే కన్నీరు కార్చాలా?" అని మీరు అడగవచ్చు. అక్కరలేదు. దుఃఖంలో దగ్గర, దూరం ఉంటాయి. సంపాదకీయం దేశం పక్షాన నిలవవచ్చు. కానీ ఎంతమంది చనిపోయారు, ఎవరు చంపారు, ఎవరు చెప్పారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు పక్షాన్ని బట్టి మారకూడదు. ఆ జవాబులు మారితే ముందుగా నష్టపోయేది శత్రువు కాదు. పూంఛ్ ఉపాధ్యాయుడి కుటుంబం వంటి మనవాళ్లే.

అభ్యాసం

1. మీరు కొన్న నాలుగు పత్రికల్లో ఒకే యుద్ధ వార్తను ఎంచుకొని, మరణాన్ని తెలిపే క్రియలన్నిటినీ మూడు వరుసల్లో రాయండి: మనవారు, అవతలివారు, పౌరులు.
2. ప్రతి అంకెకూ ఆధారం చెప్పారో లేదో గుర్తించండి.
3. చంపినవారి ప్రస్తావన లేని శీర్షికను, ఆ ప్రస్తావన ఉండేలా తిరిగి రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి.