కుంపటిలో ఉప్పు

ప్రొద్దుటూరి బంగారు కొట్ల వీధిలో ఒక వృద్ధ స్వర్ణకారుని కుంపటి చెంత కూర్చుండి, ఒక మూసలో ఎండిన ఉప్పును, వేరొక మూసలో జమ్మలమడుగు నుండి తెచ్చిన సున్నపు గడ్డను ఉంచి చూచుచుండగా, ఉప్పు చిటపటలాడి కొంతసేపటికి నిర్మలోదకమువలె నిలిచినది. "అయివారూ, బంగారు ఇంకా కదలకముందే ఉప్పు నీళ్లయిపాయ గదా, ఈ సున్నమెందుకు కరగదు?" అని అతడడిగిన ప్రశ్నతో, ముప్పది యేండ్లుగా నేను వల్లెవేయించిన ద్రవీభవన స్థానముల పట్టిక యెంత నిర్జీవమో తెలిసివచ్చినది.

ఉప్పులో సోడియమునకు ఒక ధనావేశము, క్లోరిన్‌కు ఒక ఋణావేశము; సున్నములో కాల్షియమునకును ఆక్సిజన్‌కును రెండేసి. ఆకర్షణ ఆవేశముల లబ్ధమును బట్టి పెరుగును గావున, ఒకటికి బదులు నాలుగు; పైగా అయాను కేంద్రముల మధ్య ఎడము ఉప్పులో 2.82 ఆంగ్‌స్ట్రాములు కాగా సున్నములో 2.40 మాత్రమే. కనుకనే 801 డిగ్రీల సెంటిగ్రేడు కడ ఉప్పును, 1064 కడ బంగారమును కరగించు నిప్పు, 2,600కు చేరువలో గాని కరగని సున్నమును వేడెక్కించి ఊరకుండును. ఆకర్షణ నాలుగింతలైనచో వేడియు నాలుగింతలు కావలెను గదా యని శిష్యులడుగుదురు. కరగుటయనగా వరుస చెదరుటయే గాని బంధము తెగుట కాదు, ద్రవమందును అయానులు పరస్పరము పట్టుకొనియే యుండును.

ఆవేశము మారకయే పరిమాణము మారినచో? సోడియము తోడు చిన్నదైన ఫ్లోరిన్ యున్నప్పుడు 1,000 డిగ్రీలకు చేరువ, స్థూలమైన అయొడిన్ యున్నప్పుడు 661.

ఈ పరిమాణపు ప్రభావమును బోధించుటకు పులివెందుల ప్రాంతపు డోలమైటును మించిన ఉపాధ్యాయుడు నాకు కనబడలేదు. ఆ రాతిలో కాల్షియమును మెగ్నీషియమును కలసియున్నవి. రెండింటికిని ఆవేశము సమానమే. కాని మెగ్నీషియము చిన్నది. దాని ఆక్సైడులో ఎడము 2.10కి తగ్గుటచే ద్రవీభవనము సుమారు 2,850కి ఎగబ్రాకినది. తుమ్మలపల్లె గనులలో యురేనియము దొరకునదియు డోలమైటు పొరలయందే. నాలుగు ధనావేశములు గల ఆ యురేనియపు డయాక్సైడు 2,860 ప్రాంతమున మాత్రమే కరగుట చూడగా, ఆవేశము రెట్టింపైనను పెద్ద అయాను, వేరైన స్ఫటికపు అమరిక ఆ ఆధిక్యమునెంతగా హరించినవో ఆశ్చర్యము కలుగును.

పులివెందుల నుండి వచ్చు విద్యార్థి యొకడు తెచ్చిన ఆ రాయి ఇప్పుడు నా బల్లపై నున్నది. నల్లబల్లపై పట్టిక ఈ యేడు ఇంకను వ్రాయలేదు.