"దీనికి బదులు అది": పట్టికలపై ఒక విమర్శ

ఎలక్ట్రానిక్సుపై అభిరుచి గల విద్యార్థులకై వ్రాసిన పాత ప్రయోగ గ్రంథములలో పటములు చక్కనివే. కాని అందు పేర్కొనిన భాగములు పెక్కు ఇప్పుడు అంగళ్లలో దొరకవు. అందుచేత కొందరు గ్రంథకర్తలు చివర "దీనికి బదులు అది" అను పట్టిక నొకటి చేర్చుచున్నారు. నా అభ్యంతరము ఈ పట్టికను గురించియే.

నిరుడు ఒక విద్యార్థి తాను కట్టిన స్ఫటిక రేడియోను నాయొద్దకు తెచ్చెను. గ్రంథములో ఓఏ 79 అను జర్మేనియం డయోడు వాడుమని యున్నది. అది దొరకక, పట్టిక చూచి 1ఎన్ 4148 అను సిలికాన్ డయోడునకు టంకము పెట్టినాడు. శబ్దము లేదు. పొరపాటు తనదే ననుకొని తీగచుట్టను నాలుగుసార్లు విప్పి మరల చుట్టినాడట! తప్పు చుట్టలో లేదు. ఈ రేడియోకు బ్యాటరీ యుండదు. ఏరియల్ పట్టిన సంకేతమే దాని బలము. అది సాధారణముగా వోల్టులో కొద్ది వంతు మాత్రమే. సిలికాన్ డయోడు సుమారు 0.6 వోల్టు వచ్చువరకు చెప్పుకోదగినంత ప్రవాహమును పోనీయదు. జర్మేనియం డయోడు 0.2 వోల్టు దగ్గరనే దారి యిచ్చును. రెండును చిన్న సంకేతములకు వాడునవే గనుక పట్టిక వాటిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టినది. వెదకి తెప్పించిన 1ఎన్ 34ఎ డయోడు వేయగానే మాట వినబడినది.

ఏసి 128 వంటి జర్మేనియం ట్రాన్సిస్టరుకు బదులు సిలికాన్‌ది వేసినను ఇదే చిక్కు. బేసు వద్ద నిరోధములను మార్చక తప్పదు. ఇక బిసి 548 స్థానములో 2ఎన్ 3904 చాలచోట్ల పనిచేయును. అయితే చదునైన ముఖము మనవైపు, కాళ్లు క్రిందికి ఉంచి ఎడమనుండి చూచినచో మొదటిదానికి కలెక్టరు, బేసు, ఎమిటరు. రెండవదానికి ఎమిటరు, బేసు, కలెక్టరు. ఈ ఒక్క ముక్క వ్రాయుటకు ఎంత కాగితము కావలెను?

1970లలో వెలువడిన టి. డి. టవర్స్ గారి ట్రాన్సిస్టరు గ్రంథము ఇంతకంటె ఎంతో మేలు. అందు బదులు పేర్లతోపాటు గరిష్ఠ వోల్టేజి, ప్రవాహము మొదలగునవి కూడ కలవు. అయినను మన వలయములో ఆ భాగము చేయు పని యేమో ఏ పట్టికకును తెలియదు. అది పటము గీసినవాడే చెప్పవలెను. ఆ విద్యార్థి గ్రంథములో డయోడు ప్రక్కన "0.3 వోల్టు లోపుననే దారి యీయవలెను" అని పెన్సిలుతో వ్రాసి యిచ్చితిని.