సినిమా హాల్లో మా కాళ్ళు

నేను సినిమా విమర్శకుణ్ణి కాదు. ఫోటోగ్రఫీ బావుంది, స్క్రీన్‌ప్లే తేలిపోయింది అని చెప్పే విద్య నాకు రాదు. తెనాలి పక్క మాదిగపల్లెలో పుట్టి, నేల టిక్కెట్లో ముందు వరసన కూర్చుని మెడ నొప్పి పుట్టేదాకా తెరకేసి చూసినోణ్ణి. ఈ మధ్య మా అబ్బాయి ఫోన్లో పెట్టిస్తుంటే చూస్తన్నా. ఏ సినిమా చూసినా నాకు ఒకటే యావ. ఇందులో మావోడున్నాడా? ఉంటే వాడిదే కులమో చెబుతున్నారా, 'పేదోడు' అని సరిపెడుతున్నారా?

సరిపెట్టడమే ఎక్కువ. 2018లో వచ్చిన 'రంగస్థలం' అంతా ప్రెసిడెంటు మీద కోపంతో నడుస్తుంది. చివరాఖరికి తెలుస్తుంది, చిట్టిబాబు అన్నని చంపించింది కులం తక్కువోడు తన కూతుర్ని ప్రేమించాడని ఓ పెద్దమనిషి. ఆ తక్కువ కులం ఏదో మాత్రం నా చెవిన పడలేదు. 2020లో వచ్చిన 'కలర్ ఫోటో'లో కులం కాస్తా రంగైపోయింది. నల్లటోడు తెల్లటి పిల్లని ప్రేమించాడంట, అదీ గొడవ. బందరులో నల్లగా ఉండే అగ్రకులపోళ్ళు లేరా? వాళ్ళకీ ఈ గతే పడుతుందా? సుహాస్ బాగా చేశాడు, ఏడిపించాడు. అది వేరే సంగతి. కరుణకుమార్ తీసిన 'పలాస 1978' (2020) వీటికంటే చాలా నయం. ఆ జీడిపప్పు ఊళ్ళో పాటగాళ్ళయిన అన్నదమ్ముల్ని పార్టీలోళ్ళు ఎట్లా వాడుకుని వదిలేస్తారో దాచకుండా చూపించాడు.

'నారప్ప' (2021) దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. వెట్రిమారన్ తమిళంలో తీసిన 'అసురన్' (2019)కి అది తెలుగు. చెప్పులేసుకుని బడికెళ్ళిన పిల్లని కొట్టి, ఆ చెప్పుల్నే నెత్తిన పెట్టి నడిపిస్తారు. మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఊళ్ళో మోతుబరుల కాళ్ళన్నిటి కొలతలూ ఆయనకి నోటికొచ్చు. ఏ కాలికి ఆనెలున్నాయో, ఎవరి మడమ పగిలిందో ఆయన్నడగాల్సిందే. ఆ మనిషి పెద్దవీధిలో అడుగుపెట్టేముందు తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. తోలు మాది, కుట్టు మాది, నడక వాళ్ళది. కాబట్టి ఆ సీను నాకు కథ కాదు. ఫోను బోర్లా పెట్టి కాసేపు బయటికెళ్ళి నిలబడ్డా.

తిరిగొచ్చి చూస్తే ఏముందీ, హీరో కొట్టడం మొదలుపెట్టాడు. తమిళంలోనూ ఇదే వరస. కాకపోతే మన దగ్గర వెంకటేష్ కత్తి పట్టగానే జనం చూసేది వెంకటేష్‌ని, నారప్పని కాదు. ఆ పిల్ల నడిచిన దూరం ఈలల కింద పడి నలిగిపోయింది. అవమానం జరిగినప్పుడు మా పల్లెల్లో కత్తులు లేవట్లేదు సార్, కేసులు లేస్తున్నాయి. ఆ కేసులైనా ఎట్లా ముగుస్తాయో చూడండి.

1991 జులైలో చుండూరులో జరిగింది సినిమా హాల్లోనే. చదువుకున్న దళిత కుర్రాడి కాలు ఓ రెడ్ల కుర్రాడికి తగిలింది. అంతే. చీకట్లో, ఇరుకు సీట్లలో ఎవరి కాలు ఎవరికి తగలదు? ఆ తగువు సాంఘిక బహిష్కరణయ్యి, ఆగస్టు 6న ఎనిమిది ప్రాణాలు తీసింది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ ఆగస్టు తర్వాత మా అమ్మ నన్ను సినిమాకి పంపేటప్పుడల్లా "కాళ్ళు దగ్గరికి ముడుచుకు కూర్చోరా అయ్యా" అనేది. సినిమా అంటే వినోదం అని రాసేవాళ్ళకి ఈ మాట చెప్పాలి. నేను చూసిన తెలుగు సినిమాల్లో హత్యలు బోలెడు, ఆ సీటు మాత్రం లేదు.

మారి సెల్వరాజ్ తమిళంలో తీసిన 'పరియేరుమ్ పెరుమాళ్' (2018)లో ఆ ముడుచుకు కూర్చోడం ఉంది. లా కాలేజీ కుర్రాడు తండ్రిని తీసుకురమ్మంటే ముందు అద్దె తండ్రిని తీసుకెళ్తాడు. అసలు తండ్రి ఆడవేషం కట్టి ఆడే కళాకారుడు. ఆయనొచ్చిన రోజు కుర్రాళ్ళు పంచె లాగేస్తే నడిరోడ్డు మీద పరిగెత్తుతాడు. మా నాయన ఒకసారి నన్ను చూడ్డానికి కాలేజీకొచ్చాడు. గేటు దగ్గర "ఏం పని?" అని గద్దిస్తే "చెప్పులు కుట్టడానికొచ్చా బాబూ" అన్నాడంట. కొడుకు కోసం వచ్చానని చెబితే కొడుక్కేమవుద్దో అని. ఆ మాట నాకు వాచ్‌మన్ తర్వాతెప్పుడో చెప్పాడు. అందుకే ఆ పంచె సీనులో హీరో ముఖం కంటే ఆ ముసలాయన ముఖమే చూస్తా ఉండిపోయా. సినిమా చివర పక్కపక్కన పెట్టిన రెండు టీ గ్లాసులు మా అబ్బాయికి తెగ నచ్చాయి. నాకు నచ్చలేదు. పిల్లనిచ్చే మాట ఎత్తకుండా టీ తాగి మాట్లాడుకోవడం ఆయనకి తేలికే. ఈ విషయంలో మా ఇంట్లో వాదన తెగలేదు.

నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన 'ఫండ్రీ' (2013) గురించి ఏ వాదనా లేదు. ఊరంతా నవ్వుతుంటే జబ్యా కుటుంబం పందుల్ని తరుముతుంటుంది. అంతలో బడిలో జాతీయగీతం మొదలవుతుంది. అందరూ కొయ్యబారిపోతారు, పంది మాత్రం తన దారిన పోతుంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే గొంతు పట్టేసింది. తర్వాత కట్టేసిన పందిని మోసుకుంటూ బడి గోడ పక్కనించి పోతారు. గోడమీద అంబేద్కర్, సావిత్రీబాయి బొమ్మలు. ఒక్క డైలాగు లేదు. మనోళ్ళయితే అక్కడో పాట పెట్టేవాళ్ళు.

ఫండ్రీ అంటే కైకాడి భాషలో పంది. ఆ పిల్లోణ్ణి ఏ మాటతో ఏడిపిస్తారో ఆ మాటనే దర్శకుడు పేరుగా పెట్టాడు. మన దగ్గరా 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' అని పేరుపెట్టి సినిమా తీశాడు. అందులో ఉద్ధరించేవాళ్ళు పైవాళ్ళే అనుకోండి, అయినా పోస్టరు మీద మాట ఉంది. ఎనభై ఏళ్ళు దాటాయి. మా డప్పు మాత్రం ప్రతి హీరో పాటలోనూ మోగుతోంది. ఆ డప్పు కొట్టేవాడు గుంపులో చివరన నిలబడతాడు, కెమెరా వాడి చేతుల దాకా వచ్చి వెనక్కెళ్ళిపోతుంది. "నేను మాదిగోణ్ణి" అని తెలుగు సినిమా హీరో అనగా నేనింకా వినలేదు.