వినడానికే కూర్చున్నవాళ్ళు

ఏటా ఫిబ్రవరి చివరినుంచి మార్చి దాకా బ్రిటన్‌లో బ్రాస్ బ్యాండుల ప్రాంతీయ పోటీలు జరుగుతాయి. దేశాన్ని ఎనిమిది ప్రాంతాలుగానూ, బ్యాండుల్ని స్థాయినిబట్టి ఐదు తరగతులుగానూ విడగొట్టి నడుపుతారు. మేముండే యార్క్‌షైర్ ప్రాంతపు పోటీలు హడర్స్‌ఫీల్డ్ టౌన్ హాల్లో జరుగుతాయి. మా ఊరి బ్యాండు అన్నిటికన్నా కింది తరగతిలో, అంటే నాలుగో సెక్షన్‌లో ఉంది. అందులో నేను టెనర్ హార్న్ వాయిస్తాను. ఈ పోటీల గురించి ఈ కాలమ్‌లో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మన ఊళ్ళు ఇక్కడినుంచి తీసుకోదగినది ఒకటి ఉందని నా గట్టి నమ్మకం.

బ్యాండు అనగానే మనకి పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం గుర్తొస్తుంది. ఇక్కడి పోటీ బ్యాండు కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా స్వరాల కాగితం పెట్టుకుని వాయిస్తుంది. క్లారినెట్లు, సాక్సోఫోన్లు ఉండవు. ఇత్తడి వాద్యాలవాళ్ళు 25 మంది: ఒక సొప్రానో కార్నెట్, తొమ్మిది మామూలు కార్నెట్లు, ఒక ఫ్లూగల్ హార్న్, మూడు టెనర్ హార్న్‌లు, రెండు బారిటోన్లు, రెండు యుఫోనియంలు, మూడు ట్రాంబోన్లు, నాలుగు బేస్‌లు. వాళ్ళ వెనక డ్రమ్ములవాళ్ళు. కార్నెట్ నుంచి పెద్ద బేస్ దాకా వాల్వులున్న వాద్యాలన్నిటికీ స్వరాలు రాసే పద్ధతి ఒకటే, వేళ్ళు నొక్కే పద్ధతీ ఒకటే. కార్నెట్ నేర్చిన మనిషి రేపు హార్న్‌కి మారినా, ఎల్లుండి బేస్ ఎత్తుకున్నా మళ్ళీ ఓనమాలు దిద్దక్కర్లేదు. పగలంతా గనుల్లో, మిల్లుల్లో ఒళ్ళు వంచి, సాయంత్రాలు మాత్రమే ఖాళీ దొరికే మనుషులకి ఇది ఎంత ఆసరా అయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మా చుట్టుపక్కల గనులూ లేవు, పెద్ద మిల్లులూ లేవు. బ్యాండులు మాత్రం మిగిలాయి. మా బ్యాండులో ఒక నర్సు, ఒక ప్లంబరు, ఇద్దరు టీచర్లు, పరీక్షలకి చదువుకుంటున్న ఒక అమ్మాయి, రిటైరైన బస్సు డ్రైవరు ఉన్నారు. ఎవరికీ జీతం లేదు. వాద్యాలు బ్యాండు ఆస్తి. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి వాద్యం చేతికిచ్చి, నేర్పి, పక్కన కూర్చోబెట్టుకుంటారు. నలభై దాటాక నాకు హార్న్ పట్టుకునే అదృష్టం అలాగే దక్కింది.

పోటీకి ఒక్కో తరగతికి ఒక్కో రచన నిర్ణయిస్తారు. దాన్ని టెస్ట్ పీస్ అంటారు. ఆ తరగతిలో ఉన్న బ్యాండులన్నీ, ఎనిమిది ప్రాంతాల్లోనూ, అదే రచన వాయించాలి. డిసెంబరంతా వీధుల్లో, దుకాణాల ముందు క్రిస్మస్ పాటలు వాయించి విరాళాలు పోగుచేసే బ్యాండులు జనవరి రాగానే ఆ ఒక్క రచన ముందు కూర్చుంటాయి. వాయిస్తే ఎంతోసేపు పట్టదు. కానీ వారం తరవాత వారం, పోటీరోజు దాకా అదే సాధన.

ఏముంటుంది అంత సాధన చెయ్యడానికి? ముందు శ్రుతి. చలి గదిలో ఇత్తడి చల్లబడితే శ్రుతి దిగుతుంది, ఊదగా ఊదగా వేడెక్కితే ఎక్కుతుంది. తన వాద్యం ఎంత మారిందో ప్రతి మనిషీ పక్కవాళ్ళని వింటూ సర్దుకోవాలి. తరవాత ఊపిరి. పొడుగైన స్వరం తెగకుండా నిలవాలంటే, ఒకే వరసలో ఉన్నవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఊపిరి తీసుకోవాలి. ఎవరు ఎక్కడ ఆగాలో కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాం. అన్నిటికన్నా కష్టం మెల్లగా వాయించడం. గట్టిగా ఊదడం కొత్తవాళ్ళకీ చేతనవుతుంది. వినపడీ వినపడనంత మెత్తగా మొదలుపెట్టి, ఆ నాదం వణక్కుండా నిలపడానికి పెదవుల్లో, పొట్టలో ఏళ్ళ బలం కావాలి. టెస్ట్ పీస్ రాసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అలాంటి చోటు ఒక్కటైనా పెట్టకుండా వదలరు.

పోటీరోజు పొద్దున్నే చీటీలు తీసి ఎవరు ఎన్నోవాళ్ళో తేలుస్తారు. మన వంతు రాగానే ఒక గదిలో ఒక్కొక్కరి రిజిస్ట్రేషన్ చూస్తారు. ఒకే పోటీలో ఒక మనిషి రెండు బ్యాండులకి వాయించకూడదు. అక్కడినుంచి వేదిక మీదికి. హాలు మధ్యలో నాలుగువైపులా బట్ట కట్టిన డేరాలాంటి గది ఒకటి ఉంటుంది. న్యాయనిర్ణేతలు పొద్దున ఏ బ్యాండూ రాకముందే అందులోకి వెళ్ళి కూర్చుంటారు. వాళ్ళకి వేదిక కనపడదు. ఏ ఊరి బ్యాండో, కండక్టర్ ఎవరో తెలియదు. మేం సర్దుకుని కూర్చున్నాక లోపలినుంచి ఈల వినిపిస్తుంది. మొదలుపెట్టమని దానర్థం.

పక్షపాతానికి తావుండకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఆ వేదిక మీద కూర్చున్న నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కూడా బోధపడింది. పరాయి దేశంలో బతికే మనిషిని ముందు చూస్తారు, తరవాత వింటారు. ముఖం, పేరు, యాస, బట్టలు, వీటన్నిటినీ దాటుకుని మాట అవతలికి చేరాలి. ఆ డేరా దగ్గర అవేమీ అడ్డురావు. నా పక్కన వాయిస్తున్న పిల్ల వయసు అడ్డురాదు, వెనక కూర్చున్న పెద్దాయన వణికే చెయ్యి అడ్డురాదు. డేరాలోని న్యాయనిర్ణేతలకి తెలిసేది మా నాదం ఒక్కటే. వాయిస్తున్నంతసేపూ రాస్తూనే ఉంటారు. సాయంత్రం ఫలితాలు చెప్పాక ఆ కాగితాలు ప్రతి బ్యాండుకీ ఇస్తారు. ఎక్కడ శ్రుతి తప్పింది, ఎక్కడ అందరూ ఒక్కటిగా కదిలారు, ఏ సోలో బాగుంది, ఏ వరస వినపడలేదు, అన్నీ వరసగా ఉంటాయి. ఒకే రచనని రోజంతా మళ్ళీ మళ్ళీ విని, చిట్టచివరి తరగతి బ్యాండుకి కూడా అంత శ్రద్ధగా రాసిస్తారు. ఆ కాగితం చదువుతున్నప్పుడు నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది: మా ఊరిని ఎవరో చివరిదాకా విన్నారు.

ఈ వినే అలవాటు నిన్న మొన్నటిది కాదు. 1853లో మాంచెస్టర్‌లోని బెల్‌వ్యూ తోటల్లో జరిగిన పోటీతో ఇప్పటి బ్రిటిష్ ఓపెన్ మొదలైంది. రైళ్ళు వచ్చిన కాలమది. బ్యాండులూ, వాటి వెంట ఊళ్ళకి ఊళ్ళూ రైళ్ళెక్కి పోటీలకి వెళ్ళాయి. 1900లో జాన్ హెన్రీ ఐల్స్ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జాతీయ పోటీ ప్రారంభించాడు. మొదట్లో బ్యాండులు ఆపెరాల్లోంచి తీసి కూర్చిన సంగీతం వాయించేవి. 1913లో పెర్సీ ఫ్లెచర్ ‘లేబర్ అండ్ లవ్’ అనే రచన ప్రత్యేకంగా బ్యాండు కోసమే చేశాడు. 1928 పోటీకి గుస్తావ్ హోల్స్ట్ ‘ఎ మూర్‌సైడ్ సూట్’ రాశాడు. 1930లో సర్ ఎడ్వర్డ్ ఎల్గర్ ‘సెవెర్న్ సూట్’ రాసి, దాన్ని బెర్నార్డ్ షాకి అంకితమిచ్చాడు. దేశంలో పేరుమోసిన సంగీతకర్తలు గనికార్మికుల కోసం, మిల్లు కూలీల కోసం కొత్త రచనలు చేశారంటే దానికి ఈ పోటీలే కారణం. వినేవాళ్ళుంటే రాసేవాళ్ళు వస్తారు. క్రిస్టల్ ప్యాలెస్ 1936లో కాలిపోయింది. పోటీ మాత్రం దాంతో అంతమైపోలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945 నుంచి జాతీయ పోటీ ఫైనల్స్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌కి మారాయి, ప్రాంతీయ పోటీలూ అప్పుడే మొదలయ్యాయి. 1992 అక్టోబరులో గ్రైమ్‌థార్ప్ గని మూసేస్తున్నారన్న వార్త వెలువడింది. ఆ రోజుల్లోనే ఆ గనికి చెందిన గ్రైమ్‌థార్ప్ కోలియరీ బ్యాండు ఆల్బర్ట్ హాల్లో జాతీయ విజేతగా నిలిచింది. ఆ తరవాతి ఏడాది గని మూతపడింది. బ్యాండు ఈరోజుకీ వాయిస్తోంది.

పెద్ద బ్యాండుల చరిత్ర అది. మాలాంటి బ్యాండుకి పోటీ మరో రకం పరీక్ష పెడుతుంది. ఒక ఏడాది పోటీ ముందు కార్నెట్ వరసలు బలహీనపడ్డాయి. ఉద్యోగాలు మారి కొందరు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో మూడో కార్నెట్ వాయించే పెద్దాయన ఒకరు, రిటైరైన బస్సు డ్రైవరు. వేగంగా పరిగెత్తే ఒక చోట ఆయన వేళ్ళు వెనకబడేవి. పై తరగతి బ్యాండులో చోటు దొరకనివాళ్ళని మా బ్యాండులోకి రిజిస్టర్ చేయించి కూర్చోబెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. నియమాల ప్రకారం తప్పేమీ లేదు. చాలా బ్యాండులు చేసే పనే.

రిహార్సల్ అయ్యాక అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. మూడేళ్ళ స్థానాలు కలిపి చూసి పై తరగతికి పంపుతారు కాబట్టి, ఈ ఏడాది మంచి స్థానం దక్కితే పైకి వెళ్ళే అవకాశం ఉందని కొందరన్నారు. అదీ న్యాయమైన కోరికే. పెద్దాయన లేచి, బ్యాండుకి మేలవుతుందంటే తాను తప్పుకుంటానన్నారు. అప్పుడు మా కండక్టర్ ఒకే మాట అన్నారు: “ఆ డేరాలో కూర్చున్నవాళ్ళు మనూరి బ్యాండుని వినాలి. వేరే ఊరివాళ్ళని వినిపించి మార్కులు తెచ్చుకుంటే ఆ మార్కులు మనవి ఎలా అవుతాయి?” చేతులెత్తి ఓటేశాం. బయటివాళ్ళు వద్దని తేలింది.

అసలు పని ఆ తరవాత మొదలైంది. పెద్దాయనని ఉంచుకుంటే సరిపోదు, ఆయన వాయించగలగాలి. ముందు వరసలో సోలో కార్నెట్ వాయించే అమ్మాయి రిహార్సల్‌కి అరగంట ముందే వచ్చి ఆయన పక్కన కూర్చునేది. ఆ కష్టమైన చోటుని సగం వేగంలో, తరవాత ముప్పాతిక వేగంలో ఇద్దరూ వాయించేవాళ్ళు. ఆమెకి పదహారేళ్ళు, ఆయనకి డెబ్బై దాటాయి. చూస్తూండగానే అరగంట ముందు వచ్చేవాళ్ళు పెరిగారు. హార్న్‌లవాళ్ళం ఒక మూల, బేస్‌లవాళ్ళు ఇంకో మూల. ఒక మనిషి కోసం మొదలైన సాధన బ్యాండంతటికీ అంటుకుంది.

ఆ ఏడాది మేం పట్టికలో మధ్యలో నిలిచాం. ఫైనల్స్‌కి వెళ్ళలేదు. జడ్జీలు ఇచ్చిన కాగితంలో వేగంగా నడిచే ఆ చోటు దగ్గర, కింది కార్నెట్లు స్పష్టంగా ఉన్నాయని రాసుంది. పెద్దాయన ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పెట్టుకున్నారు. ఆ అమ్మాయి పక్కనే నిలబడింది.

అప్పటినుంచి నా అభిప్రాయం ఇది. పోటీ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి జవాబు, బ్యాండు తన చివరి కుర్చీని ఏం చేస్తుందన్న దానిలో ఉంది. ఆ కుర్చీ ఖాళీ చేయించి ఎవరినో తెచ్చి కూర్చోబెడితే కప్పు రావచ్చు, ఊరు మాత్రం ఒక మెట్టు దిగుతుంది. ఆ కుర్చీలో మనిషికి నేర్పితే ఏ స్థానం వచ్చినా ఊరు ఒక మెట్టు ఎక్కుతుంది. పోటీ లేకపోతే మాత్రం ఆ చివరి కుర్చీ ఎలా వాయిస్తోందో ఎవరూ అంత శ్రద్ధగా వినరు, నేర్పాలన్న ఆలోచనా రాదు. అందుకే నేను పోటీలవైపే ఉంటాను.

ఇక మన సంగతి. గుంటూరు జిల్లాలో నేను పుట్టి పెరిగిన ఊళ్ళో బ్యాండుమేళం లేని పెళ్ళి లేదు. అందులోనూ ట్రంపెట్లు, యుఫోనియంలు ఉండేవి. మనదేశంలో బ్యాండు వాద్యాలకి పేరుపడ్డ మీరట్‌లో తయారైనవి. సైనిక బ్యాండుల ద్వారా ఇంగ్లీషువాళ్ళ కాలంలో వచ్చిన ఇత్తడిని మనవాళ్ళు చెవులతో విని నేర్చుకుని, సినిమా పాటని గమకంతో సహా దాని గొంతులో పలికించారు. స్వరాల కాగితం లేకుండా, ఎండలో నడుస్తూ, గంటల తరబడి వాయించగల ఆ విద్వత్తు ఎంతటిదో ఇక్కడ హార్న్ పట్టాకే నాకు అర్థమైంది. కానీ వాళ్ళెప్పుడూ ఊరేగింపు ముందు నడిచారు. వాళ్ళ వెనక పెళ్ళికొడుకు, పక్కన టపాకాయలు, ముందు చిందులేసే కుర్రాళ్ళు. వినడానికే కూర్చున్నవాళ్ళు వాళ్ళకి దొరకలేదు. ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చి ఆ నడకలో చోటు కూడా తగ్గించేశాయి.

పోటీలు పెట్టడం మనకి కొత్త కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. పరిషత్తు పోటీలకని రాత్రుళ్ళు రిహార్సల్స్ వేసుకున్న గుమాస్తాలు, రైతులు, బడిపంతుళ్ళు తెలుగు నాటకాన్ని నిలబెట్టారు. కొత్త నాటకాలు రాయించింది కూడా ఆ పోటీలే. ఇప్పటికీ ఎన్నో ఊళ్ళలో సంక్రాంతికీ, ఉగాదికీ పరిషత్తులు జరుగుతున్నాయి. వాటిని నడిపే పెద్దలకి నా విన్నపం ఒకటే. నాటకాలు మొదలయ్యేముందు ఒక సాయంత్రం బ్యాండుమేళాలకి ఇవ్వండి. జిల్లాలో ఉన్న మేళాల్ని పిలవండి. అందరికీ ఒకే పాట ఇచ్చి, నెలరోజులు గడువివ్వండి. కుర్చీలు వేసి కూర్చోబెట్టండి. సంగీతం తెలిసిన ఇద్దర్ని తెర వెనక కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు రాయించి, ఆ కాగితాన్ని ప్రతి మేళానికీ ఇవ్వండి. దారి ఖర్చులు, భోజనాలు, ఆరోజు పోయే కూలి డబ్బులు చూసుకోండి. మొదటి ఏడాది నాలుగు మేళాలే వచ్చినా చాలు. ఆ ఖర్చులో నా వంతు నేను పంపిస్తాను. వీలైతే హార్న్ తీసుకుని వచ్చి, ఏదో ఒక మేళంలో చివరి కుర్చీలో కూర్చుని నేర్చుకుంటాను కూడా.